ముత్తమ్మ కేసు, నా డాక్టరేటు

లా లో పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నాం, సలహా చెప్పండి అంటూ ఇప్పటికీ పిల్లలు మా ఇంటికి వస్తుంటారు. ఖమ్మంలో ఖానాపురం హవేలిలో మా ఇల్లు కనుక్కోవడం కష్టమేమీ కాదు. "డాక్టరమ్మ గారిల్లు" అంటే ఆటోవాళ్ళు గేటు ముందు దించి పోతారు. ఆ పేరుతో నా తిప్పలు నాకున్నాయి. పక్కింటి పెద్దాయన ఒకసారి పొద్దున్నే మోకాలు పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. "నేను ఆ డాక్టర్ని కాదు బాబాయ్, చట్టాల డాక్టర్ని" అన్నాను. "గట్లనా? చట్టాలకేం రోగమొచ్చిందమ్మా మరి?" అన్నాడు. ఆయన నవ్వులాటకే అన్నాడు గానీ, అంత మంచి ప్రశ్న నన్ను వైవాలో కూడా ఎవరూ అడగలేదు.

వచ్చిన పిల్లలు టాపిక్ గురించి, గైడు గురించి, ఎన్నేళ్ళు పడుతుందన్న దాని గురించి అడుగుతారు. వాటికి జవాబులు యూనివర్సిటీ నోటీసు బోర్డు మీద దొరుకుతాయి. పరిశోధన అనే పని లోపల ఎలా ఉంటుందో అడిగినవాళ్ళు తక్కువ. అడగకపోయినా చెబుతాను, అది నా గుణం. నా పని మొత్తం ఒక కేసు చుట్టూ తిరిగింది. అందులో నేను లాయర్ని కాదు, కక్షిదారును కాదు. నేను రాసిన ఒక వాక్యం మాత్రం అందులో ఉంది. ఆ వాక్యం వల్ల ఒక ఆడమనిషి జైలుకు పోయే పరిస్థితి వచ్చింది.

నరసింహం గారు

మా నాన్న మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. ఆడపిల్లకు నర్సింగో టీచర్ ట్రైనింగో తప్ప మూడో దారి తెలియని మా వాళ్ళలో నేను లా చదివాను. డెబ్భైల చివర్లో ఖమ్మంలో ఒక ప్రైవేటు లా కాలేజీలో సాక్ష్య చట్టం చెప్పే పనిలో చేరాను. సాయంత్రం క్లాసులు. ఎదురుగా కూర్చునేవాళ్ళలో సగం మంది నాకంటే పెద్దవాళ్ళు, ఆఫీసుల్లో పని ముగించుకుని వచ్చినవాళ్ళు. ఒకాయన నేను పాఠం చెబుతుంటే కమ్మగా నిద్రపోయి, లేచి "మేడం, చాలా బాగుంది" అనేవాడు. అక్కడ నోరు పెంచుకోకపోతే బతకలేను కాబట్టి పెంచుకున్నాను.

పీహెచ్‌డీకి నాకు దొరికిన గైడు నరసింహం గారు. కోస్తా నుంచి వచ్చి యూనివర్సిటీలో స్థిరపడినవాడు. మంచి మనిషి, నిజమైన పండితుడు. నేను రాసిన ప్రతి పేజీ చివరిదాకా చదివిన మనిషి ఆయనొక్కడే. మీకు అలాంటి గైడు దొరికితే ఆయన తిట్లు కూడా దాచుకోండి, ఎందుకంటే చదవకుండా సంతకం పెట్టేవాళ్ళే ఎక్కువ. ఆయనలో ఉన్న లోటల్లా ఒకటి. లైబ్రరీ గుమ్మం దాటి ఆయన ఏ ఊరూ చూడలేదు. ఏం రాసుకెళ్ళినా ఒకటే అడిగేవారు: "బానే ఉందమ్మా, ఇందులో నువ్వు కొత్తగా ఏం చెబుతున్నావు?"

ఆ ప్రశ్న చాలా మంచిది, చాలా చెడ్డది కూడా. అది తర్వాత చెబుతాను.

మొదట నేను ఏజెన్సీ భూముల చట్టం మీద రాస్తానన్నాను. "రాసి రాసి అరగదీశారు" అని తోసేశారు. అడవి ఊళ్ళలో కోయవాళ్ళు కోర్టుకు పోకుండా పెద్దల ముందే విడాకులు తీసుకుంటారని విన్నానని ఒకసారి మాటల్లో అంటే, ఆయన కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. "దాని మీద ఎవరూ రాయలేదు. వెళ్ళి చూసిరా" అన్నారు. చూసిరా అనడం సులభమే. భద్రాచలం దాకా బస్సు, అక్కడి నుంచి లాంచీ, ఆ తర్వాత నడక. దుమ్ముగూడెం అవతల ఒక ఊళ్ళో ఆశ్రమ పాఠశాల మేట్రన్ మా చర్చి మనిషి కాబట్టి తలదాచుకోవడానికి చోటు దొరికింది.

పుల్ల విరిచిన రోజు

నేను వెళ్ళిన వారంలోనే ఆ ఊళ్ళో ఒక పంచాయతీ జరిగింది. ముత్తమ్మ అనే అమ్మాయిది. ఇరవై దాటాయో లేదో. ఆ ఆశ్రమ పాఠశాలలోనే ఏడో తరగతి దాకా చదివింది, తెలుగు బాగా మాట్లాడుతుంది. భర్త లక్ష్మయ్యకు కొత్తగూడెంలో ఒక ఆఫీసులో అటెండరు పని దొరికింది. టౌనుకు పోయాక అతనికి ఈమె మోటుగా కనిపించింది. ఆమెకేమో టౌనులో అద్దె గదిలో కూర్చోవడం ససేమిరా ఇష్టం లేదు.

ఊరి పెద్ద ఇంటి ముందు పందిట్లో అందరూ కూర్చున్నారు. మాటలన్నీ కోయ భాషలో నడిచాయి, పక్కన కూర్చుని బడి పంతులు నాకు తెలుగులో చెప్పాడు. పెద్ద ముందు లక్ష్మయ్యను అడిగాడు. "నాకొద్దు" అన్నాడు. ముత్తమ్మను అడిగాడు. "నాగ్గూడ వద్దు" అని ఆమె అతనికంటే గట్టిగా అంది. ఆడవాళ్ళు నవ్వారు. పెళ్ళప్పుడు కన్యాశుల్కంగా, అంటే ఓలి కింద, తీసుకున్న దూడను ముత్తమ్మ నాన్న తోలుకొచ్చి లక్ష్మయ్య వాళ్ళకు అప్పగించాడు. అప్పుడు పెద్ద ఒక వెదురు పుల్ల విరిచి, ఒక ముక్క ఇటు, ఒక ముక్క అటు వేశాడు. "ఈ పొద్దు నుంచి ఈయన దారి ఈయనది, ఈమె దారి ఈమెది" అన్నాడని పంతులు చెప్పాడు.

తర్వాత ఆకు దొప్పల్లో ఇప్పసారా పంచారు. నాకూ ఒకటి చేతికిచ్చారు. ఆదివారం బడిలో పెరిగినదాన్ని, పారబోస్తే వాళ్ళకు అవమానం, తాగితే మా అమ్మకు గుండెపోటు. దొప్ప పట్టుకుని దిక్కులు చూస్తుంటే, అప్పుడే విడాకులైన ముత్తమ్మ వచ్చి నా చేతిలోంచి తీసుకుంది. "నీకు అలవాటు లేదు తియ్ అక్కా" అని తనే తాగేసింది. మా స్నేహం అక్కడ మొదలైంది.

ఆ తర్వాత సెలవులు దొరికినప్పుడల్లా వెళ్ళాను. ముత్తమ్మే నాకు భాష. చుట్టుపక్కల ఊళ్ళకు తీసుకుపోయేది, వాళ్ళతో మాట్లాడేది, నాకు అర్థమయ్యేదాకా మళ్ళీ మళ్ళీ చెప్పేది. ఆ మధ్యలోనే పక్క ఊరి భీమయ్యను మనువాడింది. నెమ్మదస్తుడు, ఆమె మాట తీరు చూసి మురిసిపోయేవాడు. ఆడపిల్ల పుట్టింది. పిల్లను వీపున కట్టుకుని నాతో అడవిలో నడిచేది. నేను రొప్పుతూ వెనక నడుస్తుంటే తిరిగి చూసి, "నీ సదువంతా కూసుని సదివిందే అక్కా" అనేది.

తేడా ఉంటేనే థీసిస్

ఇక్కడ పరిశోధన చేసేవాళ్ళు కాస్త ఆగి వినాలి.

ఒక్కో ఊళ్ళో విడిపోయే పద్ధతి ఒక్కోలా ఉండేది. ఒకచోట పుల్ల విరుస్తారు. ఇంకోచోట కుండలో నీళ్ళు ఒలకబోస్తారు. మరోచోట అవేమీ లేవు, పెద్దలు మాట చెప్పి దొప్పలు పంచుకుంటారు, అయిపోతుంది. ఓలి తిరిగివ్వడంలో కూడా తేడాలే. ఒక ఊళ్ళో ఆడమనిషి వద్దంటే ఇవ్వాలి, మగవాడు వద్దంటే అక్కర్లేదు. పక్క ఊళ్ళో ఎవరు వద్దన్నా ఇవ్వాల్సిందే. కొత్త తేడా దొరికిన ప్రతిసారీ నాకు పండగే. లాంచీలో కూర్చుని, నరసింహం గారికి ఎలా చెప్పాలో మనసులో అనుకుంటూ వచ్చేదాన్ని.

ఆయనా మురిసిపోయేవారు. "ఇదమ్మా కొత్త విషయం! వీళ్ళందరిదీ ఒకటే ఆచారమని పుస్తకాల్లో గుడ్డిగా రాసుకుంటూ పోయారు. నువ్వు కాదంటున్నావు. గట్టిగా చెప్పు" అన్నారు. నేను "కొన్ని అంశాల్లో తేడాలున్నాయి" అని రాసుకెళితే, అది కొట్టేసి, "విడాకుల విషయంలో వీరిలో ఏకరూపమైన ఆచారం లేదు" అని పెట్టించారు. ముగింపులో ఇంకో అడుగు వేశాం. ఆచారం అంటూ ఒకటి లేదు కాబట్టి, ప్రభుత్వం చట్టం చేస్తే తప్ప వీళ్ళకు విడాకుల న్యాయం ఉన్నట్టు కాదు అన్నాం. చదవడానికి దర్జాగా ఉంది. ఆ అధ్యాయం ఒక న్యాయ పత్రికలో వ్యాసంగా కూడా అచ్చయింది.

మా కాలేజీలో జరిగిన ఒక సభకు వెంకట్రావు గారని జిల్లాలో పేరున్న సీనియర్ లాయరు వచ్చారు. "మీ వ్యాసం గురించి విన్నానమ్మా. మన ఖమ్మం నుంచి ఇంత పని రావడం సంతోషం. ఒక కాపీ ఇస్తారా?" అన్నారు. ఇవ్వడమే కాదు, మొదటి పేజీ మీద సంతకం పెట్టి మరీ ఇచ్చాను. ఆ రాత్రి అన్నం కూడా సయించలేదు, అంత సంబరం.

కేసు

భీమయ్య పంచాయతీ ఎన్నికల్లో సర్పంచి పదవికి నిలబడ్డాడు. పోటీలో ఉన్నది లక్ష్మయ్య అన్న. భీమయ్య విరమించుకోవాలని అడిగారు, బెదిరించారు, వినలేదు. అప్పుడు లక్ష్మయ్య భద్రాచలం కోర్టులో ముత్తమ్మ మీద కేసు వేశాడు. తాను బతికుండగా, పెళ్ళి రద్దు కాకుండా, తన భార్య ముత్తమ్మ మరో మనువు చేసుకుందని. అంటే రెండో పెళ్ళి నేరం. రుజువైతే ఏడేళ్ళ దాకా జైలు. పిల్ల ఇంకా పాలు తాగుతోంది.

ముత్తమ్మ తరఫు లాయరు ప్రసాద్ నా పాత విద్యార్థే. మధిర పిల్లవాడు. క్లాసులో నిద్రపోని కొద్దిమందిలో ఒకడు. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు.

"మేడం, గెలిచే కేసే అనుకున్నా. గిరిజనులకు హిందూ వివాహ చట్టం లేదు, వాళ్ళ ఆచారమే చట్టం. పెద్దల ముందు విడిపోయింది, అయిపోయింది. కానీ అవతల వెంకట్రావు గారు ఉన్నారు."

"ఉంటే?"

"పంచాయతీ జరిగిందని ఒప్పుకుంటాడంట. కానీ అది ఆచారం కాదు, ఆ పూటకు కుదుర్చుకున్న సర్దుబాటు అంటాడంట. ఆచారమంటే పాతదై ఉండాలి, ఖాయమై ఉండాలి, అందరికీ ఒకేలా ఉండాలి గదా. మీరే చెప్పారు మాకు." కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మీ వ్యాసం చూపిస్తాడంట మేడం. మీ వ్యాసమే మన కొంప ముంచేట్టుంది."

థీసిస్‌కు తేడా కావాలి, కోర్టుకు తేడా ఉండకూడదు. ఈ రెండూ నాకు విడివిడిగా బాగా తెలుసు. ఒకటి రోజూ క్లాసులో చెప్పేదాన్ని, రెండోది సెలవుల్లో చేసేదాన్ని. రెండూ ఒకరోజు ఎదురెదురుగా నిలబడతాయని తట్టనే లేదు.

ఆచారం తెలిసినవాళ్ళ అభిప్రాయం కోర్టులో సాక్ష్యంగా పనికొస్తుంది. ప్రసాద్ నన్ను సాక్షిగా రమ్మన్నాడు. "వచ్చి ఏం చెప్పమంటావు? నేను రాసింది అబద్ధమనా?" అన్నాను. "గదే నాక్కూడా తెలుస్తలేదు మేడం" అన్నాడు.

నరసింహం గారిని కలిస్తే వద్దే వద్దన్నారు. థీసిస్ అప్పటికే పరీక్షకుల దగ్గరికి వెళ్ళింది. "పరిశోధకురాలివి, సాక్షివి కావు. ఆ బోనెక్కితే నీ థీసిస్‌నీ అందులో నిలబెడతారు" అన్నారు. ఆయన భయం అర్థం లేనిది కాదు, నా మేలు కోరే అన్నారు. బయటికి వచ్చాక చాలాసేపు బస్టాండులో కూర్చున్నాను. నాకు డాక్టరేటు కావాలి. అబద్ధమెందుకు, చాలా కావాలి. మా చుట్టాల్లో ఎవరి పెళ్ళికి వెళ్ళినా "ఇంకా అవ్వలేదా?" అని అడిగి అడిగి నన్ను పెళ్ళిళ్ళే మాన్పించారు.

ఆ వారమే ముత్తమ్మ పిల్లనెత్తుకుని ప్రసాద్‌ను కలవడానికి ఖమ్మం వచ్చింది. మా ఇంట్లోనే ఉంది. మా అమ్మ పిల్లకు ఒళ్ళంతా నూనె రాసి స్నానం చేయించింది. ముత్తమ్మకు వ్యాసం సంగతి నేనే చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"నువ్వు సూసింది సెప్పు అక్కా. అబద్ధం సెప్పమంటలేను" అంది. పిల్లను ఒళ్ళోకి తీసుకుని, "జైల్ల పెడితే పిల్లను గూడ ఉండనిస్తరా?" అని అడిగింది.

ఆ మాటతో నాకు ఇంకే ఆలోచనా మిగల్లేదు. వెళతానని ప్రసాద్‌కు చెప్పాను.

బోనులో

పదేళ్ళుగా సాక్ష్య చట్టం చెబుతున్నాను గానీ, బోనెక్కడం అదే మొదటిసారి. "క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగినదానికే జవాబివ్వాలి, ఉపన్యాసం ఇవ్వకూడదు" అని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. అది చెప్పడం వేరు, బోనులో నిలబడి చేయడం వేరు. పంచాయతీ నా కళ్ళ ముందే జరిగిందని, ఏం జరిగిందో చెప్పాను. వెంకట్రావు గారు దాన్ని కాదనలేదు. చాలా మర్యాదగా లేచారు.

"అమ్మా, ఈ వ్యాసం మీరు రాసిందేనా?"

"నేనే రాశాను."

"ఈ సంతకం?"

"నాదే. మీరడిగితే పెట్టిచ్చాను."

వెనకాల ఎవరో నవ్వారు. ఆయనా చిరునవ్వు నవ్వి, ఆ వాక్యం చదివారు. "విడాకుల విషయంలో వీరిలో ఏకరూపమైన ఆచారం లేదు. రాశారా?"

"రాశాను."

"ఊళ్ళు తిరిగి, చూసి, తెలుసుకునే రాశారా?"

"అవును."

"అబద్ధం రాశారా?"

"లేదు."

"చాలమ్మా" అని కూర్చున్నారు. అడగాల్సినదానికంటే ఒక్క మాట ఎక్కువ అడగలేదు. లాయరు కావాలనుకునేవాళ్ళు ఆ క్రాస్ చూసి నేర్చుకోవాలి. నేను మాత్రం ఆ క్షణాన ఆయన్ను మనసులో శపించాను. ముత్తమ్మ వెనక బెంచీ పక్కన నిలబడి ఉంది. ఇంగ్లీషు వ్యాసం ఆమెకు తెలియదు గానీ, ప్రసాద్ ముఖం చూస్తే సంగతి తెలిసిపోతుంది.

ప్రసాద్ లేచి ఏదో అడగబోయాడు. జవాబు ప్రశ్నలోనే పెట్టి అడుగుతున్నారని వెంకట్రావు గారు అభ్యంతరం చెప్పారు. మళ్ళీ ఇంకోలా అడిగాడు, మళ్ళీ అభ్యంతరం. వాడి చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు మేజిస్ట్రేటు పెన్ను కింద పెట్టారు. కొత్తగా వచ్చిన చిన్నవాడు, ఎక్కువ మాట్లాడని మనిషి.

"మేడం, ఏకరూపంగా లేదన్నారు. ఏది ఏకరూపంగా లేదు?"

"విడిపోయే పద్ధతి సార్. ఒకచోట పుల్ల, ఒకచోట నీళ్ళు, ఒకచోట ఉత్త మాట."

"ఆ పద్ధతి అయిపోయాక? ఆ ఆడమనిషి మళ్ళీ మనువు చేసుకుంటే తప్పుపట్టిన ఊరు మీరు తిరిగినవాటిలో ఒక్కటైనా ఉందా?"

ఊళ్ళన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. తెలియక కాదు, తొందరపడి మళ్ళీ గట్టి మాట అనకూడదని.

"లేదు సార్. ఒక్కటి కూడా లేదు."

"మరి అది వ్యాసంలో ఎందుకు లేదు?"

"దాని మీద ఎక్కడా ఎవరూ వాదించుకోలేదు సార్. అందరూ ఒప్పుకునే మాట కాబట్టి నాకు రాయాలనిపించలేదు. తేడా ఉన్నవే రాశాను."

వెంకట్రావు గారు లేచి, వ్యాసంలో లేనిది ఇప్పుడు కల్పించి చెబుతున్నారని అభ్యంతరం చెప్పారు. అభ్యంతరాన్నీ నా జవాబునూ రెండింటినీ రాయించుకుని, మేజిస్ట్రేటు వాదనలకు వాయిదా వేశారు.

నేను దిగి బయటికి వచ్చాక ముత్తమ్మ నీళ్ళ చెంబు తెచ్చిచ్చింది. గెలిచామా ఓడామా అని అడగలేదు. నాకూ తెలియదు.

వైవా

వాదనలు జరగక ముందే నా థీసిస్ మీద మౌఖిక పరీక్షకు, అంటే వైవాకు, పిలుపొచ్చింది. వైవా బహిరంగంగా జరుగుతుంది, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. వెంకట్రావు గారి జూనియర్ వస్తున్నాడని ప్రసాద్ కబురు చేశాడు. థీసిస్ ముగింపు మీద నేను గట్టిగా నిలబడితే, ఆ మాట పట్టుకుని నన్ను మళ్ళీ బోనులోకి పిలిపించాలని వాళ్ళ ఉద్దేశం. "కోర్టులో ఒకటి, యూనివర్సిటీలో ఒకటి చెప్పే మనిషి" అంటే చాలు, నా సాక్ష్యం గంగలో కలుస్తుంది. దాంతో పాటే ముత్తమ్మ.

బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దాయన. నా సాక్ష్యం సంగతి అప్పటికే ఆయన చెవిన పడింది.

"అమ్మా, ఊళ్ళు తిరిగి చేసిన పని చాలా బావుంది. కానీ మీ ముగింపు ప్రకారం వీళ్ళకు విడాకుల ఆచారమే లేదు. కోర్టులో మీరు ఉందన్నట్టు చెప్పారు. దేని మీద నిలబడతారు?"

పొద్దున టిఫిన్ దగ్గర నరసింహం గారు నాకు తప్పించుకునే దారి చెప్పి ఉన్నారు. కోర్టు వ్యవహారం ఇక్కడ అప్రస్తుతం అనమన్నారు. అంటే పరీక్షకుడు ఒప్పుకునేవారే అనుకుంటాను. నరసింహం గారు నా వైపే చూస్తున్నారు. వెనక వరసలో నల్లకోటు లేకుండా కూర్చున్న కుర్రవాణ్ణి కూడా చూశాను.

"కోర్టులో చెప్పినదాని మీద నిలబడతాను సార్. తేడాలన్నీ నిజం. వాటి నుంచి ఆ ముగింపు రాదు. ఆ అధ్యాయం మళ్ళీ రాసుకుంటాను."

డిగ్రీ ఇవ్వలేదు. తిరగరాసి తెమ్మన్నారు. అది సరైన నిర్ణయమేనని ఇప్పుడూ అంటాను. ఆ రోజు మాత్రం బయటికి వచ్చి గోడ పక్కన నిలబడి ఏడ్చాను. నరసింహం గారు వచ్చి పక్కన నిలబడ్డారు. ఆయనకు కోపం వచ్చింది, నా మీదో తన మీదో తెలియదు.

"తీర్పెప్పుడు?" అని అడిగారు.

"వచ్చే నెల అంటున్నారు సార్."

"నేనూ వస్తాను. ఆ అమ్మాయిని చూడాలి. చూడకుండానే అంత మాట రాయించాను."

మీకు చివర్లో ఏవో సూత్రాలు చెబుతానని ఎదురు చూస్తుంటే ఒకటి ఇప్పుడే చెప్పేస్తాను. మనం వెళ్ళిన చోట జనం దేని గురించి కొట్లాడుకుంటున్నారో రాయడం ఎవరికైనా వస్తుంది. దేని గురించి అసలు మాట్లాడుకోవడం లేదో అది కూడా అడిగి రాసుకోండి. "కొత్తగా ఏం చెబుతున్నావు?" అని గైడు అడిగితే, "పాతదే, ఇంతవరకూ ఎవరూ రాయనిది" అని చెప్పండి. ఆ డిగ్రీ నాకు తర్వాత ఎప్పటికో వచ్చింది. ఆ సంగతి అంత ముఖ్యం కాదు.

తీర్పు

తీర్పు రోజు నరసింహం గారు నిజంగానే వచ్చారు. తెల్ల పంచె, చేతిలో గొడుగు. గోదావరి వంతెన మీద బస్సు ఆగితే కిటికీలోంచి నదిని చిన్నపిల్లాడిలా చూశారు. కోర్టు ఆవరణలో ముత్తమ్మకు చెయ్యెత్తి నమస్కారం పెట్టారు. ఆమె కంగారుపడి నా వెనక్కి జరిగింది. భీమయ్య ఎన్నికల్లో ఓడిపోయాడు. దాని గురించి వాళ్ళిద్దరూ ఏమీ బాధపడుతున్నట్టు లేరు. ముత్తమ్మ మాత్రం పిల్లను ఒక్క క్షణం కూడా దించలేదు. తనను జైలుకు పంపితే పిల్లను చూసుకోమని ముందు రోజే మా అమ్మకు చెప్పి వచ్చిందని నాకు ఆ తర్వాత తెలిసింది. మా అమ్మ ఒప్పుకుందట.

మేజిస్ట్రేటు తీర్పు ఇంగ్లీషులో చదివారు. పద్ధతులు వేరైనా, పెద్దల ముందు విడిపోయిన ఆడమనిషి మళ్ళీ మనువాడవచ్చన్న ఆచారం రుజువైందని, కేసు కొట్టేస్తున్నానని. ప్రసాద్ బయటికి పరుగెత్తుకొచ్చాడు. "కొట్టేసిండు మేడం! కేసు కొట్టేసిండు!" అంటూ నా చేతులు పట్టుకుని ఊపేశాడు. నేను టీచర్నన్న గౌరవం కూడా మర్చిపోయాడు. వెంకట్రావు గారు పక్క నుంచి వెళుతూ నాకు తల వంచి నమస్కరించారు. లక్ష్మయ్య ఎటు పోయాడో నేను చూడలేదు.

ముత్తమ్మ మెట్ల మీద కూర్చుని పిల్లకు పాలిస్తోంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. నరసింహం గారు కాస్త దూరంగా నిలబడ్డారు.

"ఏమన్నడు అక్కా? తెలుగుల సెప్పు."

"నువ్వు తప్పు చేయలేదన్నడు. నువ్వు లక్ష్మయ్య పెళ్ళానివి కాదు, భీమయ్య పెళ్ళానివే అన్నడు."

"గంతేనా?"

"గంతే."

నేను ఆమె సంతోషం కోసం చూస్తున్నాను. ఆమె పిల్ల నోరు కొంగుతో తుడిచింది.

"గా మాట మా పెద్దలు ఆనాడే సెప్పిండ్రు గదా" అంది. "నువ్వు గూడ ఆడనే కూసుంటివి గదా అక్కా."

నిష్ఠూరంగా అనలేదు. నిజంగా అర్థం కాక అడిగింది. నరసింహం గారు విన్నారు. ముత్తమ్మ పిల్లను నా ఒళ్ళో పడుకోబెట్టి, ఊరి వైపు పోయే లాంచీకి వేళైందేమో కనుక్కొస్తానని లేచి వెళ్ళింది.